అతీతుల సంఘం

"మాకు రాజకీయాలు పట్టవండీ" అని తెలుగువాడు అన్నాడంటే కుర్చీ లాక్కుని కూచోండి. గంటకు తక్కువ కాకుండా రాజకీయమే మాట్లాడతాడు. ఎవడెంత తిన్నాడో, ఏ కులం ఎటు మొగ్గిందో, ఏ ఛానెల్ ఎవరి జేబులో ఉందో, వచ్చేసారి ఎవడొస్తాడో మండలాలవారీగా లెక్క అప్పజెబుతాడు. చివర్లో చేతులు దులుపుకుని, "అయినా మనకెందుకులెండి, మనం వీటికి అతీతం" అని లేస్తాడు.

అతీతం అంటే దాటిపోయినది. గుణాతీతుడు, కాలాతీతుడు అని దేవుణ్ణి, మహాయోగుల్ని స్తుతించడానికి పెద్దలు దాచిపెట్టుకున్న మాట. ఆ వరసలో కొత్తగా చేరినవాడు రాజకీయాతీతుడు. పాత యోగుల నివాసం హిమాలయాలు. ఈయనది హైదరాబాదు పడమటి దిక్కున, గేటు దగ్గర ముగ్గురు సెక్యూరిటీవాళ్లు సెల్యూట్ కొట్టే ప్రాంగణంలో పదమూడో అంతస్తు.

ఆ ప్రాంగణం వాట్సాప్ గ్రూపులో మొదటి నిబంధన: రాజకీయాలు నిషిద్ధం. కింద నడిచే సంభాషణ చూడండి. మంజీరా నీళ్లు సరిగ్గా రావడం లేదు, కార్పొరేటర్‌ని పట్టుకోవాలి. వెనకాల నాలా కంపు కొడుతోంది, ఎమ్మెల్యేగారికి శాలువా కప్పి వినతిపత్రం ఇవ్వాలి. ఆస్తిపన్ను ఎక్కువేశారు, మనవాడొకడు సెక్రటేరియట్‌లో ఉన్నాడు, కదపాలి. గోడ అవతల గుడిసెలున్నాయి, ఎలాగైనా లేపించాలి. ఇందులో ఏదీ రాజకీయం కాదట, 'కమ్యూనిటీ ఇష్యూ' అట. తన గుడిసె లేపొద్దని అవతలివాడు రోడ్డెక్కాడనుకోండి, అప్పుడు మాత్రం "ఛీ, ప్రతిదాన్నీ రాజకీయం చేస్తారు" అంటారు. మాట ఒక్కటే. నాకు కావలసింది సమస్య, నీకు కావలసింది రాజకీయం. ఈ వాడుక తెలిస్తే నిఘంటువు తెరవక్కర్లేదు.

ఇక వీళ్ల అసోసియేషన్ ఎన్నికలు చూసి తీరాలి. రెండు ప్యానెళ్లు. ఏ టవర్‌లో ఎవరివాళ్లు ఎన్ని ఫ్లాట్లలో ఉన్నారో ఎక్సెల్ షీటు. క్లబ్‌హౌస్‌లో ఒకరిది బిర్యానీ విందు, మరొకరిది సత్యనారాయణ వ్రతం. డాలస్‌లో ఉన్న ఓనర్ల దగ్గర్నుంచి ప్రాక్సీలు. అద్దెకున్నవాడికి ఓటు లేదు, మెయింటెనెన్స్ బాకీ పడ్డవాడికీ లేదు. బ్రిటిష్‌వాళ్ల హయాంలో ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటిచ్చేవాళ్లు. రాజ్యాంగం వచ్చాక ఆ పద్ధతి చచ్చిపోయిందనుకున్నాం. లేదు, క్లబ్‌హౌస్‌లో ఏసీ వేసుకుని క్షేమంగానే ఉంది. ఆ పూట హాజరు మాత్రం నిండుగా ఉంటుంది, ఒక్క అతీతుడూ ఇంట్లో ఆగడు.

బయటి ఎన్నికలొస్తేనే ఆయనకు వైరాగ్యం పుట్టుకొస్తుంది. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌కు ఎన్నికలు జరిగితే నగరంలో ఓటేసింది నూటికి 46 మంది చిల్లర. 2024 మే 13న లోక్‌సభ పోలింగ్‌లో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ సగం మార్కుకు ఇవతలే ఆగాయి. పక్కనున్న భువనగిరిలో 76 శాతం దాటింది. పోలింగ్ నాడు జీతంతో కూడిన సెలవివ్వాలని చట్టం చెబుతుంది. ఆ సెలవు శనాదివారాల పక్కన సోమవారం పడితే చట్టం పంపే దారి ఒకటి, గోవా విమానం పోయే దారి మరొకటి. (ఓటెయ్యనివాళ్లంతా పదమూడో అంతస్తువాళ్లే అనను. ఇల్లు మారినప్పుడల్లా జాబితాలో పేరు గల్లంతయ్యే కూలీ, రెండుచోట్ల పేరున్న ఉద్యోగి, పోలింగ్ బూత్ ఎక్కడో తెలియని ముసలమ్మ కూడా ఆ లెక్కలో ఉన్నారు. వాళ్లెవరూ మేం అతీతులమని చెప్పుకోరు.)

ఓటేసి వేలికి సిరాతో పనిలోకొచ్చిన మనిషిని అతీతుడు అడిగే మొదటి ప్రశ్న: "ఎంతిచ్చారే?" ఆమె గిన్నెలు తోముతూ ఏదో ఒకటి చెబుతుంది. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నికకు 93 శాతం పోలింగ్ జరిగిందంటే కూడా ఇదే మాట, "డబ్బు పారింది కాబట్టి వేశారు." పారిందన్న ఆరోపణ ఊరందరికీ తెలుసు. అయితే మహానుభావా, డబ్బు తీసుకుని వేసినవాడు తప్పు చేశాడు సరే, తీసుకోకుండా వేసే అవకాశం తమరికుంది కదా, దాన్నేం చేశారు?

ఆ మునుగోడు మీదుగానే ఈ అతీతం తాలూకు గుట్టు బయటపడింది. 2024 మేలో పోలింగ్‌కు ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. హైదరాబాదులో రాజకీయాలంటే ఆవలించే పెద్దమనిషి, పెళ్లాంపిల్లల్ని వెనక సీట్లో కుక్కి, నాలుగు గంటల దారి ఎనిమిది గంటలైనా లెక్కచేయకుండా, సొంతూళ్లో ఓటెయ్యడానికి పోతున్నాడు. అమెరికా నుంచి టికెట్టు కొనుక్కుని దిగినవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పూట 81 శాతం దాటింది. రోజూ నీళ్లు తాగి, చెత్తపడేసి, పిల్లల్ని చదివించుకునే ఊళ్లో ఆసక్తి లేదు. సంక్రాంతికి వెళ్లే ఊళ్లో మాత్రం ప్రాణం పెడతాడు. ఎందుకండీ అంటే, "అక్కడ మనోళ్లకి ప్రెస్టీజండీ." అంటే ఈయన వైరాగ్యానికి పిన్‌కోడు ఉంది.

కాబట్టి మాటల్ని దేని చోట దాన్ని కూర్చోబెడదాం. పట్టనితనం వేరు, తటస్థత వేరు, విసుగు వేరు. తటస్థంగా ఉండటం ఉద్యోగధర్మమైనవాడు పోలింగ్ అధికారి. ఏ పార్టీ ఏజెంటు పెట్టిన టీ తాగినా ఆయన మీద ఫిర్యాదు వెళ్తుంది. అంత తటస్థుడూ తన ఓటు వదులుకోడు, పోస్టల్ బ్యాలెట్ కోసం వరసలో నిలబడతాడు. విసుగెత్తినవాడు నోటా మీట నొక్కేవాడు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక వచ్చిన ఆ మీటకు కోరలు లేవు. నోటాకు అందరికంటే ఎక్కువ పడ్డా మిగిలినవాళ్లలో మొదటివాడే ఎమ్మెల్యే. అది తెలిసీ మే నెల ఎండలో గంటసేపు నిలబడి "మీరెవరూ వద్దు" అని చెప్పొచ్చినవాణ్ణి పట్టనివాడంటే పాపం తగులుతుంది.

మరి మన పదమూడో అంతస్తువాడు ఎవరు? భారతంలో ఆయనకో పూర్వీకుడున్నాడు. కురుక్షేత్రం మొదలవుతుంటే నాకీ గొడవ వద్దని బలరాముడు తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. సరస్వతీ తీరమంతా తిరిగి సరిగ్గా ఆఖరిరోజు గదాయుద్ధం చూడటానికి దిగాడు. పద్దెనిమిది రోజులు పీనుగులు కూలుతుంటే పట్టనివాడికి, భీముడు తొడమీద కొట్టేసరికి రూల్సు గుర్తొచ్చాయి. నాగలెత్తి మీదికురికాడు, కృష్ణుడు పట్టుకోకపోతే ఏమయ్యేదో. ఓటుకు పోని అతీతుడూ అంతే. ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి ఐదేళ్లూ నాగలి భుజానే ఉంటుంది. కాకపోతే బలరాముడు గదావిద్య నేర్పిన గురువు. ఈయన సాధన అంతా స్క్రీన్‌షాట్లు పంపడంలోనే.

ఇంత గిరాకీ ఉన్న మాటను నాయకులు వదులుతారా? ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, నెలలు తిరక్కుండా అధికార పార్టీ కండువా కప్పించుకునే ఎమ్మెల్యే చెప్పేది ఒక్కటే, "రాజకీయాలకు అతీతంగా, నియోజకవర్గ అభివృద్ధి కోసం." ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది. తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చండని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. అభివృద్ధి కోసం అధికారం వదిలి ప్రతిపక్షంలోకి దూకిన అతీతుడు నా ఎరుకలో లేడు.

చట్టమే అతీతంగా ఉండమన్న ఎన్నిక సర్పంచుది. అక్కడ పార్టీ గుర్తులుండవు, ఉంగరం, కత్తెర, బ్యాటు లాంటివిస్తారు. నామినేషన్ నాడే ఊరందరికీ తెలుసు, ఉంగరం ఎవరిదో, కత్తెర ఎవరిదో. 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీలకు అలాగే పార్టీరహితంగా ఎన్నికలు జరిగాయి. ఫలితాల రాత్రి అధికారపక్షం తన సర్పంచుల లెక్క ప్రకటించింది, ప్రతిపక్షమూ తన లెక్క ప్రకటించింది. రెండూ కూడితే పంచాయతీల కంటే సర్పంచులే ఎక్కువ తేలారు. ఏ ఊళ్లోనూ సీటు లేక మిగిలిపోయిన ఆ సర్పంచులే బహుశా రాష్ట్రం మొత్తానికీ నికార్సయిన పార్టీలకతీతులు.