‘కన్యాశుల్కం’ మొదటి పేజీ నుంచి చదివించకండి

పిల్లలకో, దూరాన ఉన్న మిత్రులకో గురజాడ నాటకం రుచి చూపించాలనుకుంటే, ముందు పీఠిక పేజీలన్నిటినీ కలిపి ఓ క్లిప్పు పెట్టేయండి. 1892లో విజయనగరంలో ఆడారనీ, 1897లో అచ్చయిందనీ, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారనీ చెప్పడానికి తొందరేం లేదు. ఇష్టం పుట్టాక వాళ్లే అడుగుతారు.

రెండో అంకంతో మొదలెట్టండి. అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశం వెంట అతని గురువు గిరీశం అగ్రహారంలో దిగుతాడు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులు బట్టీపట్టిన పాఠం ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండదు. ఆవిడ మురిసిపోతుంది. ఇంగ్లీషు మీడియం ఫీజులు కట్టే ఏ తల్లికైనా దీన్ని విడమరచి చెప్పాలా? అదే అంకంలో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకిచ్చే పెళ్లి మీద గొడవ ముదిరి, అవధాన్లు విస్తరి ముందు నుంచి లేచి చెంబుడు నీళ్లు బావమరిది కరటకశాస్త్రి నెత్తిన కుమ్మరిస్తాడు. ఇంతకన్నా మంచి ప్రవేశం నాకు తెలీదు.

కథ ముందే చెప్పేయండి. లుబ్ధావధాన్లు కట్టుకున్న పెళ్లికూతురు ఆడపిల్లే కాదనీ, ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుడనీ దాచకండి. గురజాడే మన దగ్గర దాచలేదు. మనకు తెలిసింది ఆ ముసలాయనకు తెలీకపోవడంలోనే ఉంది మజా అంతా.

మౌనంగా చదవనివ్వకండి. గ్రూప్ కాల్‌లో తలో పాత్రా పంచండి. ఉత్తరాంధ్ర ఆవిడ ఎవరైనా దొరికితే వెంకమ్మ పాత్ర ఆవిడదే. తెలుగు లిపి రాని అమెరికా పిల్లలు వింటే చాలు. అర్థం కాని మాట దగ్గర ఆగకండి. ఆ మాట అన్నవాడి కోపమో, ఎత్తో తెలిస్తే కథ నడుస్తుంది.

చర్చలో సంఘసంస్కరణ ఊసెత్తకండి. మీరే వెంకమ్మయితే గిరీశానికి అన్నం పెట్టేవారా అని అడగండి. వేశ్య మధురవాణి ఆడిన అబద్ధాల్లో ఏది క్షమిస్తారో అడగండి. తగువు పడనివ్వండి. డబ్బుకి ఆడపిల్లను అమ్మే దుర్మార్గం ఆ తగువులోంచే బయటికొస్తుంది, అప్పుడది వాళ్లు సొంతంగా పట్టుకున్న విషయమవుతుంది. తీర్పు మాత్రం మీరు చెప్పకండి.

మధ్యలో మానేసినవాళ్లను ఎందుకు మానేశారని నిలదీయకండి. ఎవరి మాటలు నచ్చాయో కనుక్కోండి. రామప్పంతులు పాత్ర పేరు చెబితే, ఆయనున్న రంగం చదివే రోజున మళ్లీ ఫోన్ చెయ్యండి.