రసగుల్లా వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “రసగుల్లా మనిషికి రెండే బాబూ, పాకం అడక్కండి.”

అవతారిక: విస్సన్నపేటలో పెళ్ళి, రెండో బంతి. వడ్డించే కుర్రవాడు బకెట్టుతో వరస మొదట నిలబడి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: రసగుల్లా = పాకంలో ఉడికిన విరుగుడు ఉండ; మనిషికి = విస్తరి ఒక్కింటికి (చంటిపిల్లలు మనుషులేనని తల్లుల మతం, కారని వడ్డించేవాడి మతం); రెండే = రెండు మాత్రమే, ఏకారం అవధారణార్థకం, వియ్యాలవారికి వర్తించదు; బాబూ = సంబోధన, వినేవారికి డెబ్బై దాటినా సరే; పాకం = పంచదార నీళ్ళు; అడక్కండి = అడిగినా వినిపించదు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: మన ఇళ్ళలో పాలు విరిగితే పాలవాడికి మూడినట్టే. అలాంటిది, మరిగే పాలలో పులుపు పోసి కావాలని విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి, అరచేతి మడమతో మెదిపి, ఉండచేసి పలుచని పాకంలో పొంగేదాకా ఉడికించి దానికి కీర్తి తెచ్చినవాడు కలకత్తా బాగ్‌బజార్ మిఠాయివాడు నొబీన్ చంద్ర దాస్, 1868లో. పూరీ జగన్నాథుడి లక్ష్మీదేవికి అంతకుముందే నైవేద్యం పెట్టామని ఒడియావారి వాదం. 2017లో బెంగాల్‌కు, 2019లో ఒడిశాకు వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఇచ్చి అధికారులు చేతులు దులుపుకున్నారు.

ఇక ‘రెండే’ అన్న ఆంక్ష దారుణమని పెద్దలు కొందరు ఆక్షేపించారు. అది చెల్లదు. పాలకొరత వచ్చిన 1965లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విరుగుడు మిఠాయిలను ఏకంగా నిషేధించింది. పుట్టినచోటే సున్నా అయినప్పుడు విస్సన్నపేటలో రెండు దొరకడం ఔదార్యమే.

పూర్వపక్షం: చిన్నరసాలు, పెద్దరసాలు కాసే నూజివీడు సీమలో, అందునా వైశాఖ ముహూర్తానికి, ఈ పరాయి రసమెందుకు? సమాధానం: రసాన్ని కొరికి చీకితే మోచేతిదాకా కారుతుంది, పట్టుచీరల బంతికి అది పనికిరాదు. రసగుల్లాను బొటనవేలితో నొక్కి పాకం పిండేసి తినవచ్చు. ఆ పాకం పెరుగన్నంలోకి పారడం వేరే సంగతి. టెంకలెత్తే బాధ లేదు కనక క్యాటరింగువారికీ ఇదే సమ్మతం. నా మట్టుకు నేను చీర పాడైనా రసానికే ఓటు వేస్తాను, చీర నాది కాదు కనక.

పాఠాంతరం: మూడో బంతిలో ‘మనిషికి ఒకటే’ అని వినబడింది. నాలుగో బంతిలో మూలం లభ్యం కాలేదు.