పన్నెండు గంటల మెడనొప్పి

పన్నెండు కొట్టేసరికి మనిషన్నవాడు విస్తరి ముందు కూర్చోవాలి. జర్మన్ మాట్లాడే ఊళ్ళలో మాత్రం మెడ వెనక్కి విరిచి గోడకేసి చూడాలి. ఏ పాత ఊరికి పోయినా ఏ చర్చికో, ఏ టౌన్‌హాలుకో ఒక గడియారం. పన్నెండు కాగానే అందులోంచి బొమ్మలు బయల్దేరతాయి. "ఇది చూడకపోతే ఊరు చూసినట్టే కాదు అంకుల్" అంటాడు గైడు కుర్రాడు. పులిహోర పొట్లాలు మాత్రం బస్సులోనే ఉంటాయి.

వియన్నాలో హోహర్ మార్క్ట్ దగ్గర గడియారంలో పన్నెండు ఆటలున్నాయి, గంటకొకటి. ఒంటిగంటకు రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ దగ్గర మొదలై, పన్నెండింటికి సంగీతకారుడు హైడన్ దగ్గర ముగుస్తాయి. విడివిడిగా చూడాలంటే పూటంతా అక్కడే కాపురం పెట్టాలి. అందరూ వరసగా ఊరేగేది మధ్యాహ్నం పన్నెండింటికే. బెర్న్ కాస్త నయం, ఎలుగుబంటి బొమ్మలు గంటగంటకూ తిరుగుతాయి. మా గైడు ఆ గంటల్లోంచీ పన్నెండునే ఏరుకున్నాడు.

మ్యూనిక్‌లో పదకొండింటికి కూడా ఒక ఆట ఉంది. మా బస్సు పదకొండున్నరకు చేరింది.

మేరియన్‌ప్లాట్జ్‌లో కొత్త టౌన్‌హాలు. పేరుకే కొత్తది, కట్టి నూరేళ్ళు దాటింది. 43 గంటలు, మనిషంత బొమ్మలు 32. జనం కిక్కిరిసి ఉన్నారు. అందరి చూపూ పైన ఉంటుంది గనక జేబుదొంగలకు అదే శుభముహూర్తమట. కాబట్టి తల పైకి, చేతులు జేబుల మీదికి.

పైన జరిగేది పెళ్ళి. 1568లో బవేరియా యువరాజు విల్‌హెల్మ్‌కీ, లొరేన్ ఆడపడుచు రెనాటాకీ అయిన పెళ్ళి. ఆ సంబరాల్లో బల్లేల పోటీ. బవేరియా వీరుడొకడు, లొరేన్ వీరుడొకడు గుర్రాల మీద ఎదురెదురుగా వస్తారు. మొదటిసారి ఏమీ కాదు. రెండోసారి లొరేన్‌వాడు వెనక్కి వాలిపోతాడు.

"అంటే ఆడపెళ్ళివాళ్ళు ఓడిపోయారన్నమాట" అంది మా ఆవిడ.

"ఆటేలే" అన్నాను.

"రోజూ ఓడిపోతారా?"

రోజూనే. 1908లో ఆట మొదలైంది. రోజుకు రెండుసార్లు, ఎండలు కాసే నెలల్లో సాయంత్రం ఐదింటికి ఇంకోసారి. ఆడపెళ్ళివారికి ఒక్కనాడూ గెలుపు లేదు. పెళ్ళికూతురు పైనే కూర్చుని ఉంటుంది. పుట్టింటివాడు పడిపోతుంటే కిమ్మనదు, కళ్ళు తిప్పుకోదు. మన పెళ్ళిళ్ళలో విడిదింటి అలకలు మూడోనాటికి చల్లారతాయి. ఇక్కడ నాలుగు శతాబ్దాల కిందటి మగపెళ్ళివారి దర్జాకు కరెంటు బిల్లు కట్టి మరీ నడిపిస్తున్నారు. అసలా లొరేన్ చుట్టాలెవరైనా మ్యూనిక్ వస్తే ఏమనుకుంటారు? ఒక్క పండగనాడైనా మర్యాదకు మావాణ్ణి గెలవనివ్వండని అడిగి ఉంటారా? అడిగినా, పళ్ళచక్రం మార్చాలంటే ఎన్ని కాగితాలు కావాలో!

"మన పెళ్ళిలో కాఫీ చల్లారిందని మీ మేనమామ చేసిన గోల గుర్తుందా?" అంది ఆవిడ. నేను కింది అంతస్తులో పీపాలు చేసేవాళ్ళ నాట్యం మీద శ్రద్ధ చూపించాను. ప్లేగు తగ్గాక ఇళ్ళలోంచి రావడానికి భయపడుతున్న జనానికి ధైర్యం చెప్పడానికి వీధిలో ఆడారట. చివర బంగారు కోడి మూడుసార్లు కూసింది. అప్పటికి పులిహోర సంగతి అడగక్కర్లేదు, నా మెడ సంగతీ అంతే.

న్యూరెంబర్గ్‌లోనూ పన్నెండే. సంత మైదానంలో ఫ్రావెన్‌కిర్ష, దాని ముఖాన గడియారం. నాలుగో కార్ల్ చక్రవర్తి చుట్టూ ఏడుగురు ఎలెక్టర్లు మూడు ప్రదక్షిణలు చేస్తారు. చక్రవర్తిని ఎవరు ఎన్నుకోవాలో 1356లో ఆయన ఇచ్చిన శాసనానికి ఇది గుర్తు. ఆట చప్పున అయిపోయింది. ఆ సంతోషంలో గైడును ఊరికే అడిగాను, పాత ఊరి మధ్య ఇంత విశాలమైన మైదానం ఎలా దొరికిందని.

చెప్పాడు. ఇక్కడ యూదుల ఇళ్ళుండేవి. వాటిని కూల్చి సంత వేసుకోవడానికీ, వాళ్ళ ప్రార్థనామందిరం ఉన్నచోట మేరీమాతకు గుడి కట్టడానికీ 1349 నవంబరులో అనుమతి ఇచ్చింది ఇదే కార్ల్. వాళ్ళను కాపాడాల్సినవాడూ ఆయనే. డిసెంబరులో ఊరివాళ్ళు 562 మందికి తక్కువ కాకుండా చంపేశారు.

గడియారం ఎవరు చేయిస్తే వాళ్ళ పక్షమే అందులో గెలుస్తుంది. పెళ్ళి సంగతిలో దాన్ని తలుచుకుని నవ్వాను. లొరేన్‌వాడికి రోజూ ఓడిపోవడానికైనా అందులో ఒక గుర్రం ఇచ్చారు. న్యూరెంబర్గ్ గడియారంలో ఆ 562 మందికి ఆపాటి చోటు కూడా ఇవ్వలేదు.