గేటు మీది వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు.

ఈ వాక్యం ఎవరు రాశారో తెలియదు. కెమెరాలు బిగించే షాపువాళ్లు నాలుగు కెమెరాల ప్యాకేజీతో పాటు ఇచ్చిపోయే పసుపు స్టిక్కర్ మీద, కన్ను బొమ్మ కింద, ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ పక్కనే దర్శనమిస్తుంది. వాడవాడలా ఇంతమంది చదివిన వాక్యం మరొకటి లేకపోయినా, దీనికి వ్యాఖ్యానం రాయడానికి ఏ పండితుడూ పూనుకోలేదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మన కోలాచలం మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆ ప్రతిజ్ఞ ఇక్కడ సగమే చెల్లుతుంది. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ కాబట్టి, అధ్యాహారం చేసుకోక తప్పదు. చూడబోతే పసిపిల్లలకైనా అర్థమయ్యే వాక్యం. అన్వయం మొదలుపెడితే మాత్రం చివరి మాట దగ్గర బండి ఆగిపోతుంది. ఆ చివరి మాటను సరిగ్గా అర్థం చేసుకోకుండా కెమెరాలు కొన్నవాళ్లకే, దొంగతనం జరిగిన మర్నాడు, వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ముందు కూర్చుని తల పట్టుకోవాల్సి వస్తుంది.

మొదట ‘మీరు’. ఇది గౌరవార్థక బహువచనం. అర్ధరాత్రి గోడ దూకబోయేవాణ్ణి ఇంత మర్యాదగా పలకరించే వాక్యం మన భాషలో ఇంకోటి లేదు. పక్కనున్న కుక్క బోర్డు ఎవరినీ సంబోధించదు, తన ఉనికి మాత్రం చెప్పి ఊరుకుంటుంది. దీనికి అలా కాదు, ఎదుట ఒక శ్రోత కావాలి. ఆ శ్రోత దొంగేనా అంటే, పగలంతా బోర్డు చదివేది పాలవాడు, పేపరు కుర్రాడు, పనమ్మాయి, కొరియర్ మనిషి. రాత్రి వచ్చేవాడికి చదివేంత వెలుతురూ తీరికా ఉండవు. కనుక ‘మీరు’ అనే పదానికి దొంగ అనే అర్థం వ్యంగ్యమే తప్ప వాచ్యం కాదు.

ఇక ‘సీసీ కెమెరా’. సీసీ అంటే క్లోజ్డ్ సర్క్యూట్, మూసిన వలయం. ఒకప్పుడు కెమెరా నుంచి టీవీ దాకా ఒకే తీగ ఉండేది, బొమ్మ ఆ తీగ దాటి బయటికి పోయేది కాదు. ఇప్పుడు ఫోన్లో యాప్ వేసుకుని, డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే గుంటూరులో ఉన్న గేటు డల్లాస్‌లో ఉన్న కొడుక్కి కనబడుతుంది. వలయం తెరుచుకుని చాలాకాలమైంది, పేరు మాత్రం రూఢిగా మిగిలిపోయింది. ‘కెమెరా’ మరీ చిత్రం. లాటిన్‌లో ఆ మాటకు అర్థం గది. చీకటి గదికి చిన్న రంధ్రం పెడితే అవతలి దృశ్యం గోడ మీద తలకిందులుగా పడుతుందన్న సంగతి నుంచి ఆ పేరు వచ్చింది. ఈ వ్యుత్పత్తిని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి, చివర్లో దీనితో పని పడుతుంది. ఇంటికి కెమెరా కాపలా అనే ఆలోచనకు పేటెంట్ అడిగింది న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు. 1966లో భర్తతో కలిసి దరఖాస్తు పెడితే 1969లో మంజూరైంది. తలుపుకి నాలుగు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో ఒక టీవీ. తలుపవతల నిలబడ్డది ఎవరో ఆ క్షణంలో చూడాలన్నది ఆవిడ కోరిక. అంటే ఆదిలో ఈ వాక్యంలోని ప్రతి పదమూ నిజమే: కెమెరా ఉంది, చూసే మనిషి ఉంది, చూపు ఉంది.

‘నిఘా’ దగ్గర చిక్కు మొదలవుతుంది. పారశీకంలో ‘నిగాహ్’ అంటే చూపు. చూపుకి చూసేవాడు కావాలి. రాత్రి రెండింటికి మన వీధి కెమెరా వెనక ఎవరున్నారు? టీవీ స్టాండు కింద దుమ్ములో, ఎర్రదీపం వెలిగించుకుని, చిన్న ఫ్యాను తిప్పుకుంటూ డీవీఆర్ ఉంది. ఇంటాయన నిద్రపోతున్నాడు. ఆలంకారికులు లక్షణావృత్తికి ‘గంగలో పల్లె’ అనే ఉదాహరణ చెబుతారు. ప్రవాహంలో పల్లె ఉండదు గనక గంగ ఒడ్డున పల్లె అని అర్థం చేసుకోవాలి. అదే పద్ధతిలో ‘నిఘాలో’ అంటే నిఘా ఒడ్డున అని చెప్పుకోవాల్సిందే. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి తూచి 2019లో వెలువడిన ఒక సమీక్షలో, కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయని తేలింది. ఆ తగ్గుదల కార్ పార్కింగుల్లో ఎక్కువ. మనుషులు కూర్చుని తెర చూస్తున్న చోట ఫలితం బాగుంది, ఊరికే రికార్డు చేసుకునే చోట చెప్పుకోదగ్గంత లేదు. ఇంటి కెమెరా ఈ రెండో జాతిది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ‘చూసేవాడు లేకపోతేనేం, బోర్డు చూసి జడుసుకుంటే చాలు కదా’ అంటాడు. అది నిజమైతే ఎర్రలైటు మిణుకుమనే ఉత్తుత్తి ప్లాస్టిక్ కెమెరా చాలు, వేలు పోసి అసలుది కొనడమెందుకు? మంకీ క్యాప్, హెల్మెట్ అనే పరికరాలు దొంగల శాస్త్రంలో ఎప్పుడో చేరాయి. రెండో పూర్వపక్షం ఇంతకంటే బలమైనది: ‘ఫోన్‌కి అలర్ట్ వస్తుంది, అప్పటికప్పుడే చూడొచ్చు.’ వస్తుంది, కాదనను. బల్లి పాకినా వస్తుంది, గాలికి కొబ్బరాకు ఊగినా వస్తుంది, వీధి మలుపులో ఆటో లైటు పడినా వస్తుంది. రాత్రి పరారుణ దీపాల వెలుగులో కెమెరా కంటికి అడ్డంగా సాలెపురుగు గూడు కడితే, ఆ దారాలు తాళ్లంత లావున తెల్లగా మెరుస్తాయి, తెల్లవార్లూ అలర్టులే. మూడో రోజుకి ఇంటాయన ఆ మోత కట్టేస్తాడు. మనిషిని, పిల్లిని వేరుచేసి చెప్పే కొత్త కెమెరాలు ఈ బాధను చాలావరకు తగ్గించిన మాట వాస్తవమే. అయినా అలర్టు చూసినవాడు డల్లాస్‌లో ఉంటే చేయగలిగింది పక్కింటివాళ్లకు ఫోన్ చేయడమే. ఈ లోటు కనిపెట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) పెట్టారు. ఊరెళ్లే ముందు యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా అమరుస్తారు, కదలిక కనిపిస్తే కబురు నేరుగా కంట్రోల్ రూముకి పోతుంది. అక్కడ మేలుకుని ఉన్న మనిషి ఉంటాడు. అలాంటి చోట నిఘా అనే మాటకు ముఖ్యార్థమే వాడుకోవచ్చు. తక్కిన అన్ని గేట్ల మీదా లక్షణార్థమే గతి.

ఇప్పుడు ‘ఉన్నారు’. వాక్యానికి ప్రాణం ఇదే. తిన్నారు, విన్నారు, కొన్నారు, ఉన్నారు అని వరసగా చదివితే సంగతి తెలిసిపోతుంది. రూపం భూతకాలానిది. ఈ ఒక్క ధాతువు దగ్గరే మనం వర్తమానార్థం చెప్పుకుంటాం. బోర్డు రాసినవాడూ వర్తమానమే అనుకున్నాడు. నా సిద్ధాంతం ఏమంటే, ఇక్కడ రూపానికి తగ్గట్టు భూతార్థమే తీసుకోవాలి. ఇంటి కెమెరా కాపలాదారు కాదు, సాక్షి. కాపలాదారు పని ‘ఇప్పుడు’లో, సాక్షి పని ‘అప్పుడు’లో. ‘నేను సైతం’ అని శ్రీశ్రీ మాటనే పథకానికి పేరుగా పెట్టి, కాలనీలవాళ్లను కెమెరాలు పెట్టుకోమని ప్రోత్సహించిన హైదరాబాద్ పోలీసులకైనా ఎక్కువగా అక్కరకొచ్చేది జరిగిపోయిన నేరం వెనక దారి పట్టుకోవడానికే. ఆ పేరు సాక్షికి భలే కుదిరింది: నేను సైతం చూశాను. ఈ అర్థం ఒప్పుకుంటే, దుకాణంలో అడగాల్సిన ప్రశ్నలు మారిపోతాయి. ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడగడం కాపలాదారుణ్ణి కుదుర్చుకునేవాడి ప్రశ్న. సాక్షిని కుదుర్చుకునేవాడు అడగాల్సింది ఇతనికి జ్ఞాపకశక్తి ఎన్నాళ్లు, కాలజ్ఞానం ఎంత, ప్రలోభాలకు లొంగుతాడా అని.

జ్ఞాపకశక్తి లెక్క చేతివేళ్ల మీద చేయవచ్చు. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 జీబీ, నాలుగు కెమెరాలకు 86.4 జీబీ. ప్యాకేజీలో వచ్చే 1 టీబీ డిస్కు పదకొండున్నర రోజుల్లో నిండిపోతుంది. నిండగానే ఆగిపోదు, అన్నిటికంటే పాత రోజును చెరిపేసి దాని మీదే రాసుకుంటూ పోతుంది. వేసవి సెలవులకు పదిహేను రోజులు ఊరెళ్లిన కుటుంబం ఇంట్లో మొదటి రాత్రే దొంగ పడితే, తాళం తీసే వేళకి ఆ రాత్రి డిస్కులో ఉండదు. చివరి పదకొండు రోజుల ఖాళీ వరండా, దాన్ని దాటిపోయిన పిల్లి మాత్రం తేటగా ఉంటాయి. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో రాయిస్తే సుమారు సగం చోటు కలిసొస్తుంది, డిస్కు పెద్దది వేస్తే ఇంకా మంచిది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం వందమంది, ఆపైన జనం చేరే సంస్థలను 30 రోజుల వీడియో దాచమంది. పోలీసు స్టేషన్ల కెమెరాలకు సుప్రీంకోర్టు 2020లో చెప్పిన గడువు 18 నెలలు. ఇంటికి ఏ చట్టమూ గడువు పెట్టలేదు కాబట్టి, అమ్మినవాడి డిస్కే శాసనం అయిపోయింది.

కాలజ్ఞానం సంగతి ఇంకా సొగసు. ప్లేబ్యాక్ తెర మీద ఒక మూల తెల్ల అంకెల్లో తేదీ, టైము కనిపిస్తాయి కదా, వాటిని నమ్మేముందు పక్కన చేతి గడియారం పెట్టి చూడాలి. చాలా పెట్టెలు చైనా టైముతోనే పుడతాయి, బిగించినవాడు మార్చకపోతే మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తాయి. రాత్రి పదిన్నరకు జరిగింది ఒంటిగంటగా కనిపిస్తుంది, తేదీ కూడా మారిపోతుంది. దృక్ పంచాంగానికీ పూర్వ పంచాంగానికీ పండగ రోజు దగ్గర వచ్చే పేచీ లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ రెండు పండగలు చేసుకునే వీలుండదు. లోపలి నాణెమంత బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టె ఏ 2000 జనవరి ఒకటికో వెళ్లి కూర్చుంటుంది. ఎదురింటి కెమెరా ఒక టైము, మన కెమెరా ఇంకో టైము చెబితే, వీధి పొడుగునా దొంగ నడిచిన దారిని కలపవలసినవాడి పాట్లు ఎన్ని చెప్పినా తక్కువే.

కోర్టుకి వెళ్తే సాక్షిని ప్రశ్నిస్తారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, డీవీఆర్ నుంచి కాపీ చేసిన ఫుటేజీకి ధ్రువపత్రం జత కావాలి. ఒక భాగం పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లది, రెండోది నిపుణుడిది. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర వంటిది, ఒక్క బిట్ మారినా మొత్తం మారుతుంది. కాబట్టి వాట్సాప్‌లో నలిగి సగమైన వీడియో కాలనీ గ్రూపుకు పనికొస్తుందేమో గానీ, సాక్ష్యానికి పెన్‌డ్రైవులోకి నేరుగా తీసిన కాపీయే మేలు, అసలు పెట్టె ఇంకా మేలు. ఆ పెట్టే లేకపోతే? ‘డీవీఆర్ సహా ఎత్తుకెళ్లారు’ అనే వార్త మన జిల్లా పేజీలకు కొత్త కాదు. సాక్షిని హాల్లో, టీవీ కిందే కూర్చోబెట్టడం మన అలవాటు. నగలు బీరువాలో దాచినవాడు సాక్షిని అటక మీదో, తాళం పడే అల్మరాలోనో పెట్టడానికి బద్ధకిస్తాడు. ఇక ప్రలోభం: యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అయితే ఆ సాక్షి ఎవరి మాటైనా వింటాడు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ కీటకం, తయారీదారులు పెట్టిన ఇలాంటి అరవై పైచిలుకు జతలను వరసగా ప్రయత్నించి లక్షల పరికరాల్లో దూరింది. వాటిలో డీవీఆర్‌లు, కెమెరాలు బోలెడు. ఆ అక్టోబరు 21న ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివాటిని చాలామందికి గంటల తరబడి అందకుండా చేసింది ఈ మూకే. తమ కాపలాదారు రాత్రిపూట పొరుగూళ్లో దొమ్మీకి వెళ్లొచ్చాడని వాటి యజమానులకు తెలియనే తెలియదు.

చివరి ఆక్షేపణ పొరుగువాళ్లది. ‘మీ గేటుకి సాక్షి కావాలి సరే, మా ముంగిట్లో ముగ్గు ఎవరేస్తున్నారో మీ డిస్కుకెందుకు?’ వ్యక్తిగత డేటా చట్టం 2023 సొంత, ఇంటి అవసరాలకు మినహాయింపు ఇచ్చిందని ఇంటాయన జవాబు చెప్పవచ్చు. కానీ గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017లోనే తేల్చారు. ఒకే ఇంట్లో ఉంటున్న సోదరుల తగవులో, తోటివాళ్ల సమ్మతి లేకుండా ఇంటి లోపల కెమెరాలు నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. నా సిద్ధాంతానికి ఈ ఆక్షేపణ శత్రువు కాదు, చుట్టం. కాపలాదారుకి నాలుగు దిక్కులూ కావాలి, సాక్షికి తన ఇంటి గడప చాలు. కెమెరాను సజ్జ కింద పదడుగుల ఎత్తున వీధికేసి తిప్పితే దొరికేవి పొరుగువాళ్ల వాకిలి, దొంగ నడినెత్తి. చేతికి అందనంత ఎత్తులో, గేటులోంచి వచ్చేవాడి ముఖానికి ఎదురుగా దించితే పొరుగూ తప్పుకుంటుంది, ముక్కూ మొహమూ పడతాయి. ఇంకా కొసరు మిగిలితే, తెర మీద ఆ భాగాన్ని నల్లగా కప్పేసే సదుపాయం సెట్టింగుల్లోనే ఉంది.

పాఠాంతరాలు కొన్ని ఉన్నాయి. ‘నిగాలో వున్నారు’ అనేది లేఖక దోషం. ‘ఈ ప్రాంతం సీసీ కెమెరాల పర్యవేక్షణలో ఉంది’ అనేది ఆఫీసు పాఠం, అందులో శ్రోత ఎగిరిపోయాడు. బట్టల షాపుల్లో కనిపించే ‘నవ్వండి, మీరు కెమెరాలో ఉన్నారు’ అనేదాన్ని పండితులు వేళాకోళమని తోసిపుచ్చుతారు. నాకు అదే సాధుపాఠంగా తోస్తుంది. అందులో నిఘా లేదు కనుక లక్షణతో పనిలేదు. కెమెరా అంటే గది అని ముందే చెప్పుకున్నాం, ఆ గదిలో మీరు ఉన్నారు, అంతే. ఎన్నాళ్లుంటారంటారా? నాలుగు కెమెరాలకు ఒక టీబీ లెక్కన పదకొండు రోజులు. పన్నెండో రోజు గది ఖాళీ చేయాలి.