పదహారు గంటలేగా!

ఆ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లు, విమానంలో 16 గంటలు. దాని కింద మావాడి ముక్క: "పదహారు గంటలేగా నాన్నా, అమ్మను తీసుకుని వచ్చేయండి." మా తోడల్లుడు వెంటనే బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఆయన విమానం ఎక్కింది ఒక్కసారి, అదీ తిరుపతికి.

ఈ పదహారు ఎక్కడ పుట్టిందా అని చూశాను. 14,400ని విమానం గంట వేగం 900తో భాగించారు. అంతే, ఐదో తరగతి లెక్క.

పోనీ ఆ దూరమైనా మనుషులు వెళ్లేదా? గ్లోబు మీద దారం బిగించి కొలిచింది. ఆ దారం శంషాబాద్‌లో లేచి, హిమాలయాలు దాటి, రష్యాను నిలువునా కోసి, ఉత్తర ధ్రువం పక్కనుంచి కెనడా మీదుగా డాలస్‌లో వాలుతుంది. దారిలో ఎలుగుబంట్లకు ఇంత ఆవకాయ కూడా పెట్టి పోవచ్చు.

దారం ఉంది గానీ, దాని వెంట పోయే విమానమే లేదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా ఏదీ పోదు. గల్ఫ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడున్నర గంటల పడిగాపులు. ఆ తర్వాతగానీ వాళ్లు చెప్పే పదహారు మొదలవదు! దీనికి తెనాలి నుంచి శంషాబాద్‌కు కారులో ఆరు, అక్కడ లైన్లలో మూడు, అవతల ఇమిగ్రేషనూ సూట్‌కేసులూ రెండు, మావాడి ఇంటికి ఒకటి కలపండి. ముప్పై అయిదున్నర.

గడియారం పండితులు ఇంకో రకం. తెల్లవారుజామున నాలుగుకి ఎక్కితే అదే రోజు సాయంత్రం అయిదుకి దిగుతారు, పదమూడు గంటలేనట! రెండుచోట్ల గడియారాల తేడాతో వేసవిలో కలిసొచ్చే ఆ పదిన్నర గంటల బాకీ తిరుగు ప్రయాణంలో ముక్కుపిండి వసూలు చేస్తారు.

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 18 గంటలు పైబడి ఆగకుండా ఎగిరే విమానంలో మామూలు ఎకానమీ సీట్లే పెట్టలేదు. ఎందుకో మా ఆవిడ మోకాళ్లను అడగండి.

నిరుడు విమానం మారేచోట వీల్‌ఛైర్లలో వరసగా కూర్చోబెట్టిన తల్లుల్ని చూశాను. తోసేవాడు ఎప్పుడొస్తాడో తెలీదు. బాత్‌రూమ్‌కి లేవాల్సి వస్తుందని మంచినీళ్లు తాగరు. ఒకావిడ బోర్డింగ్ పాస్ కొంగున ముడేసుకుంది. కనబడ్డ ప్రతి తెలుగు మొహాన్నీ "బాబూ, డాలస్ విమానం వెళ్లిపోయిందా?" అని అడుగుతోంది. మా ఆవిడకు కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. చేత్తో పట్టుకుని దిగింది.

పురుడు పొయ్యడానికి అమ్మ కావాలి, పిల్లాణ్ణి చూసుకోడానికి అమ్మ కావాలి. దారిలో ఆవిడ ఎన్ని గంటలు నలగాలో ఉన్నదున్నట్టు చెప్పడానికి మాత్రం నోరు పెగలదు! మేం రామన్నామా? ముప్పై అయిదన్నా వస్తాం. పదహారని మభ్యపెట్టడం దేనికి?

గ్రూపులో జవాబు పెట్టాను: "పదహారు గంటలేగా, ఈసారి నువ్వే రారా."

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా దారిలోనే ఉన్నట్టుంది.