చిల్లర విమోచన పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: హార్లిక్స్ సీసాలోనో, పూజగది రాగిచెంబులోనో పేరుకుపోయిన నాణేలను పైసా నష్టం లేకుండా వదిలించుకొను ఉపాయమును కవి ఈ ఆటవెలదిలో ఉపదేశించుచున్నాడు. కవి ఎవరని అడగవద్దు. కవిదీ వ్యాఖ్యాతదీ ఒకటే ఇల్లు.

డబ్బ నిండ బిళ్ళ డబ్బులు మూలుగ
బ్యాంకువాని రుసుము బారి పడక
కొంచె కొంచె మిచ్చి కొట్టులో వదిలించు
చిల్లరైన నేమి చెల్లుబాటు!

ప్రతిపదార్థం: డబ్బ నిండ = డబ్బా నిండుగా; బిళ్ళ డబ్బులు = నాణేలు; మూలుగ = వాడకం లేక పడియుండగా; బ్యాంకువాని రుసుము బారి పడక = లెక్కింపు రుసుమునకు చిక్కక; కొంచె కొంచెము ఇచ్చి = విడతలుగా చెల్లించి; కొట్టులో = కిరాణా దుకాణంలో (కూరల బండి, ఆర్టీసీ బస్సు కూడా గ్రాహ్యములు); వదిలించు = వదిలించుకొనుము; చిల్లర ఐనన్ ఏమి = చిల్లర అయితే మాత్రమేమి?; చెల్లుబాటు = చట్టప్రకారం చెల్లును.

తాత్పర్యం: స్పష్టం. స్పష్టమైన చోటే వ్యాఖ్యాతకు పని ఎక్కువ.

విశేషాలు: "డబ్బ నిండ" అన్నాడే గాని డబ్బాలోవన్నీ చెల్లుతాయనలేదు. అడుగున పడిన పావలాలు, వాటికన్న చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. వాటిని ముందే ఏరి పారేయవలెను. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లును, కొట్టువాడు ఎంత మొహం చిట్లించినా సరే.

"కొంచె కొంచెము" ఉత్త పాదపూరణమని కొందరనవచ్చు. కాదు. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకే, అర్ధరూపాయలు పది రూపాయల వరకే చెల్లుబాటు. ఫ్రిజ్జు కొని గోనెసంచి దింపితే షాపువాడు కాదనవచ్చును. కవి చట్టం చదివాకే పద్యం కట్టాడని దీనివల్ల తెలియుచున్నది.

"కొట్టులో" అన్నచోట కాలం చెప్పలేదు గాని, ఉదయమని ఊహించవలెను. పాలపాకెట్టుకు ఐదువందల నోటు చాపే జనంతో కొట్టువాడు విసిగియుండు వేళ అది. నిన్నటిదాకా చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టినవాడే ఇప్పుడు మీ బిళ్ళలు కళ్ళకద్దుకుంటాడు. టికెట్టు వెనక బాకీ రాసిచ్చే బస్సు కండక్టరుకు సరిగ్గా చిల్లర అందిస్తే అతని మొహంలో తోచునది శాంతరసము. ఒకప్పుడు ఈ చిల్లర కోసమే వ్యాపారులు ఎదురు కమీషన్ ఇచ్చేవారు. ఇప్పుడు మనమే రుసుమిచ్చి వదిలించుకోవడమేమిటి, మన ఖర్మ కాకపోతే!

శంక: పదిరూపాయల బిళ్ళ మా ఊళ్ళో తీసుకోరే?
సమాధానం: అది వట్టి పుకారు. పదిరూపాయల నాణేలు 14 నమూనాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించింది. రూపాయి గుర్తు లేనివీ చెల్లును. సంవత్సరం కింద చిన్న నక్షత్రముంటే అది హైదరాబాదు టంకశాల సరుకు. చర్లపల్లిలో అచ్చయినదాన్ని అమీర్‌పేటలో కాదనుట చోద్యము.

శంక: అయితే బ్యాంకు వర్జ్యమా?
సమాధానం: కాదు. నాణేలు పుచ్చుకోవలసిందేనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. జమకు అది పరిమితి పెట్టలేదు. నూరేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తీసుకెళ్తే క్యాషియరు తిట్టుకోడు. అయితే కొన్ని బ్యాంకులు లెక్కింపునకు రుసుము వేయును గనుక కవి పులి బారి అన్నట్టు "రుసుము బారి" అన్నాడు. సంచి విప్పకముందే ఎంతని అడగవలెను.

పాఠాంతరం: "కొట్టులో"కు బదులు "హుండిలో" అని కూడా చదువుకోవచ్చు. యతి చెడును, గతి బాగుపడును. తిరుమల హుండీలో వేసినవి పరకామణిలో సేవకులే లెక్కిస్తారు, మన దగ్గర రుసుము పుచ్చుకోరు. కాని ఇంటికి ఉప్పూ పప్పూ రావు.

కాబట్టి "హుండిలో" భక్తులకు, "కొట్టులో" గృహస్థులకు. చదువరులారా, బ్యాంకులో ఎవరైనా రుసుమంటే ముందు ఛార్జీల పట్టిక చూపించమనండి.