రాయిలా కూర్చోండి, అదే పోతుంది

ఓర్వకల్లులో పుట్టి కూడా ఒకచోట నిలకడగా కూర్చోలేకపోతున్నారంటే తప్పు మీదే. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు పక్కనే రాక్ గార్డెన్ ఉంది కదా, వెళ్ళి ఆ రాళ్ళను చూడండి. సినిమా వాళ్ళు వచ్చి వాటి ముందు ఎగిరారు, దూకారు, కత్తులు తిప్పారు. ఒక్క రాయైనా తల తిప్పి చూసిందా? ఏకాగ్రత అంటే అది. మందూ మాకూ ఎందుకు, పంతం చాలు.

అసలు పెద్దవాళ్ళకు ధ్యాస నిలవని ఈ ఏడీహెచ్‌డీ ఏమిటప్పా? 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, తెలివి ఉండీ తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. అది లండన్ చలి తెచ్చిన రోగం. మన ఎండకు బతకదు. ఒకవేళ చిన్నప్పుడు వచ్చినా ఓటరు కార్డు చేతికి రాగానే దానంతటదే పోవాలి. పోదని, చాలామందిలో పెద్దయ్యాక కూడా మిగులుతుందని డాక్టర్లు అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ రోగనిర్ధారణ పుస్తకాన్ని సవరించి, పదిహేడేళ్ళు నిండినవాళ్ళకు ఆరు కాదు, ఐదు లక్షణాలున్నా చాలన్నారు. అయితే కొన్ని పన్నెండేళ్ళ లోపే కనబడి ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ కూడా ఇబ్బంది పెడుతుండాలి అని షరతు పెట్టారు.

ఈ షరతుతోనే మీకు ప్రమాదం. మీ అమ్మకు అన్నీ గుర్తున్నాయి. ఏ తరగతిలో ఎన్ని పెన్నులు పోగొట్టారో, అంగడికి చక్కెర తెమ్మని పంపితే గోలీలాట దగ్గర ఎట్లా దొరికారో, 'తెలివి ఉంది, బుద్ధి లేదు' అని అయ్యవారు ఎన్నిసార్లు అన్నాడో వరసపెట్టి చెప్పేస్తుంది. కాబట్టి అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోవద్దు. ఆడపిల్లల సంగతైతే ఇంకా సులువు. గోల చేయకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు కనుక ఎవరికీ అనుమానం రాదు. 'పరధ్యానం పిల్ల' అని పేరు పెట్టేసి పెళ్ళి చేసేయండి. ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగినప్పుడల్లా అత్తగారు గుర్తు చేస్తుంది.

ఇది జబ్బు కాదు, నాటకం అనడానికి నా దగ్గర గట్టి సాక్ష్యం ఉంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లోకి వజ్రాలు వెతకడానికి జనం పోతారు. మనవాడూ పోతాడు. నడుం వంచితే పొద్దు గూకేదాకా ఎత్తడు. అన్నం గుర్తుండదు, ఫోన్ చూడడు, పక్కన పిడుగు పడినా తెలీదు. అదే మనిషిని కరెంటు బిల్లు కట్టమని కూర్చోబెట్టండి, ఐదు నిమిషాలకు లేచి గేదె దగ్గరికి పోతాడు. వజ్రం మీద నిలిచే మనసు బిల్లు మీద ఎందుకు నిలవదు? సోమరితనం కాక ఏమిటి? ధ్యాస లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోటికి మళ్ళించలేకపోవడమే ఈ ఇబ్బంది అని చదువుకున్నవాళ్ళు ఏదో చెబుతారు. వినకండి. వింటే మనవాణ్ణి తిట్టడానికి నోరు రాదు.

ఇక ముఖ్యమైన జాగ్రత్త. ఈ మండలంలో ఉంటూ పొదుపు సంఘం ఆడవాళ్ళ వైపు చూడకండి. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అండతో పేదరికం మీద ఒక పథకం కర్నూలు జిల్లాకు వచ్చింది. అది ఓర్వకల్లు మండలంలోనూ అడుగుపెట్టింది. రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టిన ఆడవాళ్ళు, మండలం మొత్తానికి పొదుపులక్ష్మి ఐక్య సంఘాన్ని కట్టుకున్నారు. కరువు సీమలో, కూలి దొరికితేనే కూడు అన్న ఇళ్ళలో ఇదెట్లా సాగింది? 'ఈసారి గట్టిగా అనుకుందాం' అన్నందుకు కాదు. ఫలానా రోజు, ఫలానా చోట అందరూ గుండ్రంగా కూర్చోవాలి. డబ్బు అందరి ముందే లెక్కపెట్టాలి. పుస్తకంలో పేరు, పక్కన అంకె పడాలి. కంతు మర్చిపోతే పక్కింటామె వచ్చి, 'ఏమ్మా, ఈ వారం కనపడలే?' అంటుంది. చదువు రాని ఆమె జ్ఞాపకం కూడా పుస్తకంలో భద్రంగా ఉంటుంది. కొండంత పనిని రూపాయి రూపాయిగా విడగొట్టారు, గుర్తుపెట్టుకునే బరువును తల మీంచి దించి సంఘం మీద పెట్టారు.

మీకు అదంతా నామోషీ. మీరు డిగ్రీ చదివారు. పని చేసేటప్పుడు పక్కన ఒక స్నేహితుణ్ణి ఊరకే కూర్చోబెట్టుకుంటే పని కదులుతుందని తెలిసినా, తలుపేసుకుని ఒంటరిగానే కూర్చోండి. చీటీ మీద ఏదీ రాయొద్దు. బండి తాళం రోజుకో చోట పెట్టండి, వెతకడం కూడా వ్యాయామమే. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు సరిపడా ఎండ మన శకునాల, గని పొలాల్లో కాస్తోంది కనుక, సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి, సంగటి తిన్నాక, అప్పుల లెక్క ముందేసుకోండి.

పనులన్నీ ఒకేసారి చేయండి. అవధానులు ఎనిమిది మందికి జవాబు చెప్పడం లేదా? ఎవరి వంతు ఎప్పుడో చూసుకోవడానికి అక్కడ ఒక సంచాలకుడు ఉంటాడని, అప్రస్తుత ప్రసంగం చేయడానికి ఒకే ఒక్కణ్ణి పెడతారని గుర్తు చేయకండి. మీ జేబులో ఉన్న ఫోను ఆ ఒక్కడే, వాడికి మాత్రం వంతు లేదు.

టైము గురించి బెంగ వద్దు. 2021 మార్చి నుంచి విమానాశ్రయం మన ఊళ్ళోనే ఉంది. ఊళ్ళో ఉన్నదానికి ముందుగా బయల్దేరడం ఏమిటి? విమానం చప్పుడు వినపడ్డాక చొక్కా ఇస్త్రీ చేసుకోండి. కౌంటరు గంట ముందే మూసేస్తే అది వాళ్ళ తొందర.

మందుల సంగతి. మిథైల్‌ఫెనిడేట్ అనేది 1944లో స్విట్జర్లాండ్‌లో తయారైంది, ఇప్పటికీ వాడుతున్నారు. బీపీ, గుండె చూసుకుని, నిద్రలేమో, థైరాయిడో, దిగులో కాదని తేల్చుకుని, డాక్టరు చీటీ రాస్తేనే షాపులో ఇస్తారు. ఇంత విచారణ ఎందుకు? రాత్రి పదకొండింటికి చిక్కటి టీ తాగండి, తెల్లవార్లూ మేలుకుని, పొద్దున ధ్యాస కుదరట్లేదని బాధపడండి.

14416 అనే నంబరు ఫోన్‌లో పెట్టుకోవద్దు. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులు కూర్చుంటారు, ఇక్కడి నుంచి బస్సులకు కొదవ లేదు. ఇన్ని సదుపాయాలున్నప్పుడు తప్పించుకోవడానికి ఒకే దారి, 'వచ్చే సోమవారం' అనడం. ఏ సోమవారమో ఎవరికీ చెప్పకండి. ఇంటావిడ పట్టుబట్టి బస్సెక్కిస్తే మాత్రం ఫైలు ఇంట్లోనే మర్చిపోండి. ఈ ఒక్క సలహా మీకు నేను చెప్పక్కర్లేదు.